దసరాకు మైసూరు గది: పాయింట్లతోనా, పైసలతోనా?

ప్రశ్న: నేను గద్వాలలో ఒక పత్తి విత్తనాల కంపెనీలో పని చేస్తున్నాను. కంపెనీ పని మీద హైదరాబాదుకు, బెంగళూరుకు వెళ్లినప్పుడల్లా ఒకే సంస్థకు చెందిన హోటళ్లలో దిగుతున్నందువల్ల నా సభ్యత్వ ఖాతాలో 46,000 పాయింట్లు చేరాయి. ఈ దసరాకు భార్యాపిల్లలను మైసూరు తీసుకువెళ్లి విజయదశమి నాటి ఏనుగు ఊరేగింపు, జంబూసవారీ చూపించాలనుకుంటున్నాను. అదే సంస్థకు మైసూరు రైల్వేస్టేషను దగ్గర ఒక హోటలు ఉంది గానీ, అందులో దిగి వచ్చిన వాళ్లెవరూ మెచ్చుకోలేదు. ఏసీ చప్పుడు చేస్తుందనీ, తివాచీలు పాతబడ్డాయనీ, లిఫ్టు కోసం చాలాసేపు నిలబడాలనీ చెప్పారు. మామూలు రోజుల్లో అక్కడ గదికి 4,500 రూపాయలు, లేదా 12,000 పాయింట్లు. నవమి, దశమి రాత్రులకు మాత్రం 11,000 రూపాయలు, లేదా 20,000 పాయింట్లు చూపిస్తోంది. ధర పెరిగినప్పుడే పాయింట్లు వాడుకోవాలని నా వాదన. అంత సాదాసీదా గదికి 40,000 పాయింట్లు పెట్టడం దండగ, మాఘమాసంలో బెంగళూరులో మా మరదలి గృహప్రవేశం ఉంది కాబట్టి అక్కడ రెండు రాత్రులకు దాచుకుందామని మా ఇంటావిడ వాదన. బెంగళూరులోనూ గది 4,500 రూపాయలు, లేదా 12,000 పాయింట్లే. మైసూరు ఊరి చివర ఒక లాడ్జీవారు దసరాకు రాత్రికి 5,500 అడుగుతున్నారు. మొత్తం ముందే కట్టాలి, రద్దు చేసుకుంటే తిరిగి ఇవ్వరు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకుడు, గద్వాల

జవాబు: మీరిద్దరూ ఒకే పాయింటును రెండు వేర్వేరు ధరలతో తూస్తున్నారు, తగవు అక్కడే ఉంది. ముందు మీ లెక్కనే పన్నుతో సహా వేసి చూద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి హోటలు గది అద్దె రోజుకు 7,500 రూపాయల వరకు ఉంటే 5 శాతం, అది దాటితే 18 శాతం జీఎస్టీ పడుతోంది. కాబట్టి పండుగనాటి 11,000 రూపాయల గది బిల్లు 12,980 అవుతుంది. దాన్ని 20,000 పాయింట్లతో భాగిస్తే పాయింటుకు దాదాపు 65 పైసలు. మామూలు రోజుల 4,500 రూపాయల గదికి పన్నుతో 4,725. దాన్ని 12,000తో భాగిస్తే 39 పైసలు. ఇక్కడి వరకు చూస్తే మీ మాటే నెగ్గినట్టు కనిపిస్తుంది. హోటలు సంస్థలు కూడా మీరు ఇక్కడే ఆగాలని కోరుకుంటాయి, ఎందుకంటే 12,980 రూపాయల గదిని ఉచితంగా పొందానన్న సంతోషం వాటికి ఖర్చు లేని ప్రచారం.

అయితే పాయింట్లే లేకపోతే ఆ గదికి మీరు 12,980 రూపాయలు కట్టేవారా? లాడ్జీ వివరం కనుక్కుని మరీ ఉత్తరంలో రాశారంటే కట్టేవారు కాదనే అర్థమవుతోంది. చెల్లించని ధరను మిగిలిన సొమ్ముగా లెక్క వేసుకోకూడదు. పాయింట్లు లేకపోతే మీ చేతి నుంచి పోయేది లాడ్జీకి కట్టే 5,500, దాని మీద 5 శాతం పన్ను, కలిపి 5,775 రూపాయలు. 20,000 పాయింట్లు పెట్టి మీరు ఆదా చేసేది అంతే. అంటే పాయింటుకు 29 పైసలు. గృహప్రవేశానికి వెళ్లినప్పుడు బెంగళూరు గదికి మీరు సొంత డబ్బే కట్టాలి కాబట్టి అక్కడి 39 పైసలు మాత్రం నిజమైన ఆదా. పద్దు పుస్తకం వరకు మీ ఇంటావిడ మాటే సరైనది.

కానీ లాడ్జీ, హోటలు ఒకటి కావు, పద్దు పుస్తకంలో ఈ తేడా కనిపించదు. విజయదశమి నాడు మధ్యాహ్నం రాజప్రాసాదం దగ్గర నందిధ్వజ పూజ జరిగిన తరువాత, చాముండేశ్వరీ అమ్మవారిని 750 కిలోల బంగారు అంబారీలో ఉంచి ఏనుగు మీద ఊరేగిస్తారు. ఆ ఊరేగింపు సుమారు 5 కిలోమీటర్లు సాగి బన్నిమంటపం చేరుతుంది, రాత్రి అక్కడే కాగడాల కవాతు ఉంటుంది. ఆ రోజు నగరం నడిబొడ్డున వాహనాల మీద ఆంక్షలు ఉంటాయి. ఊరి చివర లాడ్జీలో దిగిన కుటుంబం పిల్లలతో రాత్రి పూట ఆటో కోసం ఎంతసేపు నిలబడాల్సి వస్తుందో ముందే చెప్పలేం. రైల్వేస్టేషను దగ్గరి హోటలు నుంచి ప్రాసాదానికి నడిచి వెళ్లవచ్చు. మీరు 20,000 పాయింట్లతో కొంటున్నది ఆ పాత తివాచీలను కాదు, నడిచి తిరిగి రాగలిగే దూరాన్ని. ఆ దూరానికి దశమి నాడు విలువ ఉంది, నవమి నాడు అంతగా లేదు.

మీరు గద్వాల నుంచి కారులో బయలుదేరితే ఎర్రవల్లి చౌరస్తా దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, కర్నూలు, అనంతపురం, బెంగళూరు మీదుగా 500 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాలి. ఇంట్లో సద్దుల బతుకమ్మ ఆడకుండా మీ వాళ్లెవరూ కదలరని అనుకుంటున్నాను. అంటే మీ ప్రయాణం నవమి ఉదయం మొదలవుతుంది. తిథులు ఒక్కోసారి ఒకరోజు అటూ ఇటూ అవుతాయి కనుక పంచాంగం చూసుకోండి. అంత దూరం వచ్చి రాత్రి తొమ్మిదింటికో పదింటికో చేరి, పడుకుని లేవడానికి మాత్రమే పనికివచ్చే గదికి 20,000 పాయింట్లు పెట్టడం నా దృష్టిలో తప్పు. ఆ రాత్రి మైసూరుకు సుమారు 45 కిలోమీటర్ల ఇవతల ఉన్న మండ్యలో సాధారణమైన గది డబ్బు కట్టి తీసుకోండి. దశమి నాడు తెల్లవారుజామునే బయలుదేరి, దారులు మూయకముందే హోటలుకు చేరి, కారు అక్కడ పెట్టి, సామాను రిసెప్షన్‌లో అప్పగించండి. గది మధ్యాహ్నం ఇస్తారు, అప్పటికి మీకు దానితో అవసరమూ ఉండదు. ఊరేగింపు చూసి వచ్చి ఆ రాత్రి అక్కడ నిద్ర చేయండి. ఇలా చేస్తే 20,000 పాయింట్లు ఖర్చవుతాయి, 26,000 మిగులుతాయి. అందులో బెంగళూరు రెండు రాత్రులకు 24,000 సరిపోతాయి కనుక మరదలి గృహప్రవేశానికి ఇబ్బంది రాదు. దసరా నాడు జమ్మి పెట్టకుండా ఊరు దాటడమేమిటని ఇంట్లో పెద్దలు అడిగితే దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

పండుగ రోజుల్లో పాయింట్లు వాడటం లాభమా, నష్టమా అన్నది మీరు ఏ సంస్థ సభ్యులో దాన్ని బట్టి కూడా మారుతుంది. అకార్ సంస్థలో 2,000 పాయింట్లకు 40 యూరోలు ఏ రోజైనా ఒకటే. టాటా వారి న్యూకాయిన్ ఒకటి ఒక రూపాయితో సమానం, తాజ్‌లో దిగినా జింజర్‌లో దిగినా అంతే. ఇలాంటి చోట పండుగ ధర రెట్టింపైతే పాయింట్లు కూడా రెట్టింపు పోతాయి, కాబట్టి మీరు చెప్పిన ‘ధర పెరిగినప్పుడే వాడాలి’ అన్న సూత్రం అక్కడ పనిచేయదు. మారియట్, హిల్టన్, ఐహెచ్‌జీ సంస్థలు తేదీని బట్టి పాయింట్ల ధర మారుస్తాయి. మారియట్‌లో ఏ హోటలుకు ఎన్ని పాయింట్లో చెప్పే పట్టిక 2022 వరకు ఉండేది, తరువాత తీసివేశారు. ఈ రకంలో రూపాయి ధర పెరిగినంత వేగంగా పాయింట్ల ధర పెరగని సందర్భాలు దొరుకుతాయి, మీ మైసూరు హోటలు లెక్క అలాంటిదే. హయత్ ఇప్పటికీ హోటళ్లను వర్గాలుగా విభజించి, ఒక్కో వర్గానికి కనిష్ఠ, గరిష్ఠ హద్దులు పెట్టింది. ధరలు మండే రోజుల్లో పాయింట్ల వల్ల ఎక్కువ మేలు జరిగేది ఇలాంటి పట్టిక ఉన్న చోటే. అయితే వీటిలో చాలావరకు మామూలు రకం గది ఖాళీగా ఉంటేనే మామూలు పాయింట్లకు ఇస్తారు. రద్దీ రోజుల్లో కొన్ని హోటళ్లు ఆ రకం గదులు చాలా కొద్దిగా చూపించి, మిగతావన్నీ పెద్ద గదులంటూ ఎక్కువ పాయింట్లు అడుగుతాయి. కాబట్టి 20,000కు కనిపించిన గది వచ్చే వారం కూడా కనిపిస్తుందన్న భరోసా లేదు.

అందుకే నా సలహా, దశమి రాత్రిని ఇప్పుడే పాయింట్లతో తీసుకోండి. పాయింట్లతో తీసుకున్న గదిని గడువు లోపల రద్దు చేసుకుంటే పాయింట్లు ఖాతాలోకి తిరిగి వస్తాయి. ముందే మొత్తం కట్టించుకుని తిరిగి ఇవ్వని లాడ్జీతో పోల్చినప్పుడు, ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఇది తక్కువ సౌకర్యమేమీ కాదు. ఆ గడువు మాత్రం బుకింగ్ పూర్తి చేసేముందు చదవండి. మామూలు రోజుల్లో ఒకటి రెండు రోజుల ముందు వరకు ఉండే గడువును పండుగ తేదీలకు వారం రోజులకో, అంతకన్నా ముందుకో జరిపే హోటళ్లు ఉన్నాయి.

హోటలు నాణ్యత గురించి మీ ఇంటావిడ చెప్పినదాన్ని తేలికగా తీసుకోకండి. మామూలు రోజుల్లో సాదాగా ఉండే హోటలు పండుగనాడు అంతకన్నా దిగజారుతుంది. గదులన్నీ నిండి ఉంటాయి, పనివాళ్లు అంతే ఉంటారు, గది శుభ్రం చేసి ఇచ్చేసరికి చెప్పిన వేళ దాటిపోతుంది, ఉదయం ఇడ్లీ దగ్గర వరుస కడతారు. సభ్యత్వంలో మీకు పై హోదా ఉన్నా, ఖాళీ గదే లేని రోజున పెద్ద గదికి మార్చమని అడిగి లాభం లేదు. బదులుగా హోటలుకు ఒక ఫోను చేసి, లిఫ్టుకు దూరంగా, రోడ్డు వైపు కాకుండా గది ఇమ్మని ముందుగా రాయించుకోండి. అది ఉచితం, చాలాసార్లు ఫలిస్తుంది కూడా. అదే ఫోనులో పిల్లల సంగతి తేల్చుకోండి. పాయింట్లు సాధారణంగా ఇద్దరు పెద్దలకు సరిపోయే గదికే వర్తిస్తాయి. అదనపు మంచానికీ, ఉదయపు టిఫినుకూ రూపాయలు అడిగితే, నలుగురికి ఆ ఖర్చు ఎంతో తెలియకుండా గదిని ఉచితమనుకోకూడదు. డిసెంబరు 31 రాత్రికి కొన్ని హోటళ్లు తప్పనిసరి విందు పేరుతో మనిషికి ఇంతని వసూలు చేస్తాయి, పాయింట్లతో దిగిన వాళ్లకూ అది తప్పదు. దసరాకు అలాంటిదేమైనా పెట్టారేమో అడగడంలో తప్పు లేదు. ఇంకొక మాట. గది దొరికినంత మాత్రాన ప్రాసాదం లోపల కూర్చునే చోటు దొరకదు, దాని పాసులు వేరుగా తీసుకోవాలి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో డాలస్ దగ్గర ఎంఎస్ చదివి, ఉద్యోగంలో చేరాడు. ఇప్పుడు మా అమ్మాయి వేరే రాష్ట్రంలో చదువు పూర్తి చేస్తోంది, మే నెలలో పట్టాల పండుగ. ఆ వారం విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లో గదుల ధరలు మూడింతలయ్యాయట. అబ్బాయి తన హోటలు పాయింట్లతో మాకు ఐదు రాత్రులు ఒక చిన్నపాటి హోటలులో ఏర్పాటు చేస్తానంటున్నాడు. తాను చివరి రోజే రాగలడు. వాడు లేకుండా వాడి పాయింట్లతో మేము దిగవచ్చా? ఇంకా మంచి హోటలు అడగడం బాగుంటుందా?
— రైసుమిల్లు నడుపుతున్న దంపతులు, మిర్యాలగూడ

జవాబు: దిగవచ్చు. ఒక సభ్యుడు తన పాయింట్లతో ఇతరుల కోసం గది తీసుకోవడానికి పెద్ద సంస్థలు ఒప్పుకుంటాయి. అయితే బుకింగ్‌లో మీ పేరు ఉండాలి, అదీ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన వైపు ఇంటిపేరు ఒక కాగితంలో పొట్టి అక్షరంగా, మరొక కాగితంలో పూర్తిగా, ఒకచోట ముందు, ఒకచోట వెనుక రాసే అలవాటు ఉంది. అర్ధరాత్రి రిసెప్షన్‌లో నిలబడి అమ్మాయికి ఫోను చేసి దాన్ని వివరించే కన్నా, అబ్బాయికి పాస్‌పోర్టు పేజీ ఫొటో పంపి అలాగే టైపు చేయమనడం నయం. గది అద్దె పాయింట్లతో తీరిపోయినా, చేరేటప్పుడు కార్డు అడిగి కొంత మొత్తాన్ని పట్టి ఉంచుతారు. డెబిట్ కార్డు ఇస్తే ఆ సొమ్ము విడుదల కావడానికి రోజులు పడుతుంది. క్రెడిట్ కార్డు ఇవ్వండి, అది విదేశాల్లో పనిచేసేలా ఇక్కడే బ్యాంకు యాప్‌లో తెరిచి ఉంచుకోండి.

ఇంకా మంచి హోటలు అడగవద్దని నా అభిప్రాయం. అమెరికాలో హ్యాంప్టన్ ఇన్, హాలిడే ఇన్ ఎక్స్‌ప్రెస్, ఫెయిర్‌ఫీల్డ్ వంటి మధ్యరకం హోటళ్లలో ఉదయపు ఫలహారం అందరికీ గదితో పాటే ఇస్తారు. ఖరీదైన హోటళ్లలో దానికి వేరుగా డాలర్లు కట్టాలి. ఆ ఊళ్లో హోమ్‌వుడ్ సూట్స్, రెసిడెన్స్ ఇన్, స్టేబ్రిడ్జ్ సూట్స్ వంటివి ఉంటే అబ్బాయిని ముందు వాటినే చూడమనండి. వాటి గదుల్లో పొయ్యి, ఫ్రిజ్, గిన్నెలు ఉంటాయి. ఐదు రోజులు బయటి తిండి తినలేని వాళ్లకు, మీ మిల్లు బియ్యం కాకపోయినా ఏదో ఒక బియ్యంతో అన్నం వండుకునే వీలు దొరుకుతుంది. మారియట్‌లో పాయింట్లతో వరుసగా ఐదు రాత్రులు తీసుకుంటే వాటిలో తక్కువ పాయింట్ల రాత్రికి పాయింట్లు తీసుకోరు. హిల్టన్‌లోనూ ఐదో రాత్రి ఉచితమే గానీ, అబ్బాయికి కనీసం సిల్వర్ హోదా ఉండాలి. పెద్ద హోటళ్లు గది అద్దెకు అదనంగా వేసే రిసార్టు రుసుమును పూర్తిగా పాయింట్లతో తీసుకున్న గదులకు హిల్టన్, హయత్ వదిలేస్తాయి, మారియట్ వదలదు. మీరు దిగబోయే తరహా హోటళ్లలో ఆ రుసుము అరుదే. కారు నిలిపే రుసుము మాత్రం ఉండవచ్చు.

పట్టాల పండుగ వారంలో అబ్బాయి పాయింట్లు వాడటం గద్వాల పాఠకుడి విషయం లాంటిది కాదు. ఆ ఊళ్లో చౌకైన లాడ్జీ ప్రత్యామ్నాయంగా లేకపోతే మీరు నిజంగానే మూడింతల ధర కట్టాల్సి వచ్చేది, కాబట్టి ఇక్కడ ఆదా పూర్తిగా నిజమైనది. మొహమాటపడకుండా ఒప్పుకోండి.

ప్రశ్న: నా ఖాతాలో కొద్ది పాయింట్లే ఉన్నాయి. గడువు తీరిపోతుందని, తక్కువ ధరకు మరిన్ని కొనుక్కోమని తరచూ మెయిళ్లు వస్తున్నాయి. కొనవచ్చా?
— ఒక ఉపాధ్యాయిని, నల్లగొండ

జవాబు: దాచుకోవడానికి కొనకండి. పాయింట్లకు వడ్డీ రాదు, పైగా ఎన్ని పాయింట్లకు ఏ గది ఇవ్వాలో సంస్థ ఎప్పుడైనా మార్చగలదు. ఫలానా ఊళ్లో, ఫలానా తేదీన, మీరు ఎలాగూ తీసుకోబోయే గది పాయింట్లతో దొరుకుతోందని చూసుకుని, కొనే ఖర్చు ఆ గది ధర కన్నా తక్కువైతేనే కొనండి. విదేశీ సంస్థలు డాలర్లలో అమ్ముతాయి కనుక మీ కార్డు విదేశీ లావాదేవీ రుసుమును, దాని మీద జీఎస్టీని కూడా కలిపి చూడాలి. గడువు విషయానికి వస్తే మారియట్, హిల్టన్ సంస్థల్లో 24 నెలల పాటు ఖాతాలో ఏ కదలికా లేకపోతే పాయింట్లు పోతాయి. ఐహెచ్‌జీలో హోదా లేని సభ్యులకు అది 12 నెలలే. మారియట్, హిల్టన్‌లలో ఈ మధ్యలో ఒక్క రాత్రి బస చేసినా గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుంది. అయితే ఆ బసను హోటలు సొంత వెబ్‌సైటులోనో యాప్‌లోనో తీసుకోవాలి. ఇతర బుకింగ్ యాప్‌లలో రెండు వందలు తక్కువకు తీసుకున్న గదికి పాయింట్లు సాధారణంగా జమ కావు.